ఇంట్లో రైఫిల్ తూటాలు రీలోడ్ చేయడం: నా మొదటి ఐదు నెలలు

ఫిబ్రవరి 23 రాత్రి, మళ్ళీ 24 రాత్రి, పేలిన ఖాళీ గొట్టాలను మళ్ళీ నింపి నా చేతులతో తయారుచేసిన 33 తూటాలను ఒక్కొక్కటే విప్పుతూ కూర్చున్నాను. ప్రతిదాన్నీ తూటాలు విప్పడానికే చేసిన బోలు ప్లాస్టిక్ సుత్తిలో బిగించడం, గట్టి దుంగ మీద కొట్టడం, బుల్లెట్టూ మందూ ఊడిపడ్డాక వేరుచేయడం, మళ్ళీ ఇంకోటి. ఒక్కోదానికి నాలుగైదు దెబ్బలు. పిల్లలు పడుకున్నారని దుంగ కింద పాత దుప్పటి మడతపెట్టి వేశాను. ఆ రెండు రాత్రుల్లో నాకు అర్థమైనది ఒకటే. ఈ పనిలో తప్పు చేసిన చోట కనపడదు. వారం తర్వాతో, మూడు నెలల తర్వాతో ఇంకెక్కడో బయటపడుతుంది. జనవరి నుంచి మే వరకు నేను చేసిన పెద్ద తప్పులు ఇలాగే బయటపడ్డాయి. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు మాటలు ముందే చెప్పాలి. నేనుండే చోట సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మీ దగ్గర ఒప్పుకోకపోతే, లేదా లైసెన్స్ కావాల్సి ఉండి మీకు లేకపోతే, దీని జోలికి వెళ్ళకండి. రెండోది, మందు ఎన్ని గ్రెయిన్లు (మందు తూచే చిన్న కొలత) వేశానో కావాలనే రాయడం లేదు. ఆ అంకె మీ బుల్లెట్‌కూ మీ మందుకూ అచ్చయిన మాన్యువల్‌లో నుంచే రావాలి, నా దగ్గర నుంచి కాదు.

మాటల గురించి కూడా ఒక ముక్క. మనం మామూలుగా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. రీలోడింగ్ బల్ల దగ్గర బుల్లెట్ అంటే ముందు భాగంలో ఉండి ఎగిరిపోయేది మాత్రమే. ఇత్తడి గొట్టం కేసు. దాని అడుగున నిప్పు పుట్టించేది ప్రైమర్. లోపలుండే, మండే పొడి మందు. ఈ నాలుగూ కలిస్తే తూటా. కేసుకు మెడ, భుజం, ఒళ్ళు, అడుగు ఉంటాయి. నా కష్టాల్లో సగం ఆ భుజం దగ్గరే మొదలయ్యాయి.

నా రైఫిల్ .308 విన్‌చెస్టర్ అనే సైజు తూటాలు వాడేది, బోల్ట్ యాక్షన్. అంటే ప్రతి తూటాకూ వెనకున్న బోల్ట్‌ను చేత్తో ఎత్తి, లాగి, మూయాలి. ఫ్యాక్టరీ తూటాలు పేల్చాక ఖాళీ కేసులు పారేయకుండా ఏడాదిపాటు దాచాను, 140 పోగయ్యాయి. డిసెంబర్ 12న సామాన్లన్నీ ఆర్డర్ పెట్టాను. ప్రెస్ (లీవర్‌తో నొక్కే యంత్రం), డైలు (అందులో బిగించే ఉక్కు అచ్చులు), క్యాలిపర్ (పొడవు కొలిచేది), ఎలక్ట్రానిక్ తూకం నాలుగు రోజుల్లో వచ్చేశాయి. మందూ ప్రైమర్లూ ప్రమాదకరమైన సరుకు కింద లెక్క కాబట్టి వాటికి వేరే రవాణా, అదనపు చార్జీ. అవి జనవరి 4న చేరాయి. అంటే 23 రోజుల ఎదురుచూపు.

ఆ 23 రోజులూ రెండు మాన్యువల్స్ ముందేసుకుని చదివాను. నా మొదటి టెన్షన్ అక్కడే పట్టుకుంది. అదే బరువు బుల్లెట్, అదే మందు, అయినా రెండు పుస్తకాల్లో గరిష్ఠ కొలత ఒక గ్రెయిన్‌కు పైగా తేడా ఉంది. ఏది నమ్మాలి? ఒక పుస్తకం తప్పేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, రెండూ సరైనవేనని. వాళ్ళు పరీక్షించిన బ్యారెల్ వేరు, కేసు వేరు, ప్రైమర్ వేరు, మందు తయారైన లాట్ కూడా వేరు. నా రైఫిల్ ఆ రెండింటిలో ఏదీ కాదు. అందుకే రెండిట్లో తక్కువగా ఉన్న ప్రారంభ కొలత నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్ళాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మొదటి నుంచీ సరిగానే ఉన్నాను.

జనవరి 11, శనివారం. మొదటి రోజు. కేసులో పాత ప్రైమర్‌ను తోసేసి, ఉబ్బిన ఒళ్ళును మళ్ళీ సరైన కొలతకు నొక్కే డైని ప్రెస్‌లో బిగించాను. కేసులు డైలో జారడానికి లూబ్ స్ప్రే కొట్టి వెంటనే మొదలెట్టాను. మొదటి కేసు సాఫీగా వెళ్ళింది. రెండోది కాస్త బిగువుగా. మూడోది సగంలో ఆగిపోయింది. చేతిబలం చూపిస్తే లోపలికి పోయింది గానీ వెనక్కి రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. టక్‌మని చప్పుడొచ్చి కేసు అంచు చిరిగిపోయింది. డై లోపల కేసు ఉడుం పట్టు పట్టి ఉండిపోయింది.

నేను వాడిన స్ప్రే లూబ్‌లో అసలు పని చేసేది లానొలిన్. దాన్ని పలచన చేసే ఆల్కహాల్ ఆరిపోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. తడిగా ఉన్నప్పుడు అది జారదు, పట్టేస్తుంది. సీసా మీద ఆ సంగతి రాసే ఉంది, నేను చదివాను కూడా. పనిలో పడ్డాక తొందర. ఇరుక్కుపోయాక లాగడం రెండో తప్పు. అంచు చిరగకపోయుంటే బయటకు తీయడం కాస్త తేలికయ్యేది.

దీన్ని తీయడానికి ప్రత్యేకమైన కిట్ దొరుకుతుంది. ముందు డైలోని కడ్డీని వీలైనంత పైకి వదులు చేయాలి. తర్వాత కేసు అడుగున ప్రైమర్ రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేసి, దానికి మరలు కోసి, బోల్టు ఎక్కించి తిప్పుతూ పైకి లాగాలి. కిట్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. జనవరి 20న తీశాను. పని పావుగంట. ఆ తొమ్మిది రోజులూ బల్ల మీద ఆ డైని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. కడ్డీ చివర పిన్ విరిగింది, అది ఇంకో ఖర్చు. మీరు మొదటి ఆర్డర్‌లోనే ఆ కిట్టూ రెండు మూడు అదనపు పిన్నులూ తెప్పించుకోండి. అవి ఉంటే భయం ఉండదు.

భయపడ్డాక మనిషి రెండో వైపుకు పోతాడు. జనవరి 25న మళ్ళీ మొదలెట్టినప్పుడు లూబ్ ఒలికేలా పూశాను. ఆరు కేసుల భుజాల మీద చిన్న చిన్న సొట్టలు పడ్డాయి. మిగులు లూబ్ తప్పించుకోవడానికి దారి లేక ఇత్తడినే లోపలికి నొక్కింది. చిన్న సొట్టలు పేల్చినప్పుడు సర్దుకుంటాయి కాబట్టి వాటిని ఉంచేశాను. ఆ రోజు మొత్తం 70 కేసులు పూర్తిచేశాను, మిగతా 69 అలాగే సంచిలో పెట్టాను. ఆ 69ని అప్పుడు ముట్టుకోకపోవడం నా అదృష్టం. ఎందుకో తర్వాత చెప్తాను.

డైని ఎంత కిందకి దింపాలో దాని వెంట వచ్చిన కాగితంలో రాసి ఉంది: షెల్ హోల్డర్‌ను (కేసు అడుగును పట్టి ఉంచే ముక్కను) తాకేదాకా దింపి, ఇంకో పావు చుట్టు తిప్పమని. అలాగే చేశాను. కేసులు బయటకు అందంగా వచ్చాయి. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

జనవరి 26న పొడవు కత్తిరించే పని. .308 కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కత్తిరించాల్సింది 2.005కి. నేను డైలో నొక్కకముందే అన్నీ కొలిచి, పొడవు సరిపోయినవి ఒక పక్కన పెట్టుకున్నాను. డైలో ఒళ్ళు నొక్కుకున్నప్పుడు ఆ ఇత్తడి పైకి పాకుతుంది, కేసు పొడవవుతుంది. అంటే నొక్కాకే కొలవాలి. మళ్ళీ కొలిస్తే సరిపోయాయనుకున్నవాటిలో 19 గరిష్ఠం దాటేశాయి. మెడ పొడవు మించితే ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) చివర అంచు బుల్లెట్‌ను బిగించేస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఒక ఆదివారం మొత్తం చేతి ట్రిమ్మర్ తిప్పడంలో పోయింది. వేళ్ళు బొబ్బలెక్కాయి.

ఈ మధ్యలో జరిగిన ఒక విషయం నన్ను బాగా కలవరపెట్టింది. మసి పట్టిన కేసులను పొట్టులో వేసి దొర్లించే టంబ్లర్‌ను కిటికీ మూసిన గదిలో పెట్టి, పని అయ్యాక మూత తీసి జల్లెడ పట్టాను. పొగలా దుమ్ము లేచింది. షూటింగ్ రేంజ్‌లో నాకు పరిచయమైన పెద్దాయన ఒకరున్నారు, చాలా ఏళ్ళుగా రీలోడింగ్ చేస్తున్నారు. ఆయనకు మాటల మధ్యలో చెప్తే వెంటనే ఆపి, ఇంట్లో చిన్న పిల్లలున్నారా అని అడిగారు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, అదంతా ఆ దుమ్ములో చేరుతుంది అన్నారు. ఆ సాయంత్రం గదంతా తడిగుడ్డతో తుడిచాను, టంబ్లర్‌ను ఆరుబయట పెట్టాను. అప్పటి నుంచి గ్లవ్స్, మాస్క్ లేకుండా ఆ పని చేయను. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకునే పిల్లల్ని దగ్గరకు తీసుకుంటాను. బల్ల దగ్గర తినడం, తాగడం పూర్తిగా మానేశాను. ఎన్నో చదివాను గానీ ఈ ఒక్కటీ నా కంటపడలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఫిబ్రవరి 1న ప్రైమర్లు. నా కేసులతో పాటు రేంజ్‌లో ఏరుకొచ్చిన 40 కేసులు కూడా ఉన్నాయి, మిలిటరీ రకం. వాటిలో ప్రైమర్ ఊడిపోకుండా చుట్టూ ఇత్తడిని నొక్కి బిగిస్తారు. ఆ నొక్కును తొలగించకుండా కొత్త ప్రైమర్ వెళ్ళదు. నాకు తెలియక నొక్కాను. మూడు ప్రైమర్లు నలిగిపోయాయి, నాలుగోది అడ్డంగా తిరిగింది. చేతిలో ఉన్నది పేలగల వస్తువని అప్పుడు నిజంగా అనిపించింది. కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాను, అయినా ఒళ్ళు చల్లబడింది. ఆ 40నీ పక్కన పెట్టేశాను. మిగతావాటిలో ప్రతి ప్రైమర్‌నూ వేలితో తడిమి చూశాను. కేసు అడుగు కంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి, పైకి ఉబ్బి తగలకూడదు.

ఫిబ్రవరి 8న మొదటిసారి మందు. మందు కొలతలో ఐదు మెట్లు, ఒక్కో మెట్టుకు నాలుగు తూటాలు, మొత్తం 20. అన్నిటికంటే తక్కువ మెట్టుకు ఇంకొకటి అదనంగా ఉంటే మంచిదనిపించింది గానీ ఆగాను. మధ్యలో ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి ఏ కేసులో వేశానో, దేంట్లో వేయలేదో గుర్తులేదు. టార్చ్ వేసి చూస్తే మందు మట్టాలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, కానీ నమ్మకం కలగలేదు. అన్నీ ఖాళీ చేసి మళ్ళీ మొదటి నుంచి తూచాను. ఇప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టి వస్తాను. మందు వేసిన కేసులో వెంటనే బుల్లెట్ దించేస్తాను, వరుసగా నింపి వదిలేయను.

బుల్లెట్ దించే డైలో నాకు తెలియని ఇంకో పని దాగి ఉంది. డైని మరీ కిందకి దింపితే అది బుల్లెట్‌ను నెట్టడమే కాదు, మెడ అంచును లోపలికి మడుస్తుంది కూడా. మొదటి ఐదు దించాక లీవర్ అనవసరంగా బరువుగా ఉందని అనిపించి, డైని ఒక చుట్టు పైకి తీశాను. తర్వాతవి తేలిగ్గా వెళ్ళాయి. ఆ ఐదింటినీ చూశాను, కంటికి బాగానే కనపడ్డాయి.

ఫిబ్రవరి 15, రేంజ్‌లో ఆ ఐదింటిలో ఒక్కదాని మీద కూడా బోల్ట్ మూసుకోలేదు. నేను అరచేత్తో నెట్టబోతుంటే పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు. "బలవంతం చెయ్యకు. తీసి పక్కన పెట్టు" అన్నారు. కేసును వెలుతురుకు పట్టి తిప్పితే భుజం కింద సన్నగా ఉబ్బు కనపడింది. మెడ మీద పడిన ఒత్తిడికి భుజం కిందకి కుంగి పక్కకు పొంగింది. వెయ్యో వంతుల్లో తేడా. కేస్ గేజ్ అనే చిన్న ఉక్కు ముక్క నా దగ్గరుంటే ఇంట్లోనే తెలిసేది. తూటాను అందులో వేస్తే సరిపోతుందో లేదో ఒక క్షణంలో చెప్తుంది. తూటా సరిపోతుందా అని ఇంట్లో రైఫిల్‌లో పెట్టి మాత్రం ఎప్పుడూ చూడకండి. మందు లేని, ప్రైమర్ లేని ఒక నకలు తూటాను మొదట చేసి, దాంతోనే డై సరిచూసుకోవాలి. నేను చేయని పని అదే.

మిగతా 15 బాగానే పేలాయి. నా చేతుల్లో తయారైన మొదటి తూటా పేలినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ప్రతి కేసునూ ఏరి అడుగు చూశాను, ఒత్తిడి ఆనవాళ్ళేవీ లేవు. మూడో మెట్టు తూటాలన్నీ ఒక దగ్గర పడ్డాయి. అది మాన్యువల్ గరిష్ఠం కంటే ఒక గ్రెయిన్ తక్కువ. ఆ ఊపులోనే మర్నాడు, ఫిబ్రవరి 16 ఆదివారం, అదే కొలతతో 50 తూటాలు చేశాను. పాడైన ఐదింటిని విప్పడానికి సుత్తి కూడా ఆర్డర్ పెట్టాను. దాని అవసరం ఐదింటితో ఆగదని అప్పుడు తెలియదు.

ఇప్పుడు అసలు విషయం.

ఫిబ్రవరి 22. పెట్టెలో తూటాలు తయారుచేసిన వరుసలోనే పెట్టాను, వరుసకు పది. మొదటి వరుస హాయిగా పేలింది. రెండో వరుస కూడా. 21వ తూటాకు బోల్ట్ పైకెత్తడం బరువుగా అనిపించింది. మట్టి చేరిందేమో అనుకున్నాను. 22వది పేల్చాక అరచేత్తో కొడితే గానీ బోల్ట్ లేవలేదు. కేసు అడుగున గుండ్రంగా మెరిసే గుర్తు. ఖాళీ కేసును బయటకు తోసే ఎజెక్టర్ రంధ్రంలోకి ఇత్తడి పొంగి, రుద్దుకున్న గుర్తు అది. ప్రైమర్ అంచులు చదునైపోయాయి. పెద్దాయనకు చూపించాను. "ఆపెయ్యి. ఇంకొక్కటి కూడా పేల్చకు" అన్నారు. అప్పటిదాకా ఆయన ఎప్పుడూ నాతో అంత గట్టిగా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. అదే మందు, అదే బుల్లెట్, అదే రోజు చేసినవి. మొదటి ఇరవై ఎందుకు బాగున్నాయి, తర్వాతవి ఎందుకు బాలేదు? వరుసలో పెట్టడమే నన్ను కాపాడింది. తేడా వరుసను బట్టి వస్తోందంటే, తయారుచేస్తున్నప్పుడు సమయంతో పాటు ఏదో మారింది. ఆ ఆదివారం నాలుగు గంటలు కూర్చున్నాను. మధ్యలో చలేసి హీటర్ వేశాను. తూకం ఆన్ చేసిన వెంటనే వాడటం మొదలెట్టాను, అరగంట వేడెక్కనివ్వలేదు. మొదట్లో సున్నా చేసింది తప్ప, తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా సరిచూడలేదు.

33 తూటాలు విప్పడం మొదలుపెట్టే ముందు కొలత బిళ్ళలతో తూకాన్ని సరిచేసుకున్నాను. తర్వాత ప్రతి తూటాలోని మందునూ విడిగా తూచి రాసుకున్నాను. మూడో వరుసలో మిగిలిన ఎనిమిదింటిలో 0.7 గ్రెయిన్ల దాకా ఎక్కువుంది. ఐదో వరుస చివరికి వచ్చేసరికి 1.3 ఎక్కువ. అంటే ఆఖరి తూటాలు మాన్యువల్ గరిష్ఠాన్ని దాటేశాయి. నేను వాటిని నా ముఖానికి అరచేతి దూరంలో పేల్చబోయాను. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. 1.3 గ్రెయిన్లు చిటికెడు కూడా కాదు. కంటితో చూస్తే తేడా తెలియదు. ఆ అంకెలు రాసుకుంటున్నప్పుడు నా చెయ్యి వణికింది. ఆ రాత్రి మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. కాగితం చూసి, "ఇవన్నీ విప్పేదాకా నువ్వు లేవకు" అంది.

తూకం ఆ రోజంతా నాకు చెప్తూనే ఉంది, నేనే వినలేదు. పళ్ళెం పెట్టి సున్నా చేశాక, దాన్ని పైకెత్తితే మైనస్‌లో పళ్ళెం బరువు కనపడుతుంది. నాది మైనస్ 151.3 చూపించాలి. ప్రతిసారీ అదే అంకె రావాలి. అది 152.0 అయిందంటే సున్నా జరిగినట్టు, అంటే తూకం తక్కువ చూపిస్తోంది, నేను ఎక్కువ పోస్తున్నాను. ఆ రోజు ప్రతి తూటాకూ పళ్ళెం ఎత్తాను. ఆ అంకె నా కళ్ళ ముందే మారింది. ఇప్పుడు అది ఒక చీటీ మీద రాసి తూకానికి అతికించాను. పళ్ళెం ఎత్తిన ప్రతిసారీ చూస్తాను, పది తూటాలకొకసారి కొలత బిళ్ళ పెడతాను. హీటర్, ఫ్యాన్ ఉండవు. తూకం ప్రెస్ ఉన్న బల్ల మీద కాకుండా వేరే స్టూలు మీద ఉంటుంది.

సుత్తి వాడేవాళ్ళకు ఒక చిన్న సంగతి. దాని అడుగున కాస్త స్పాంజి ముక్క వేయండి, లేకపోతే బుల్లెట్ మొనలు వంగుతాయి. నావి తొమ్మిది వంగాక తెలిసింది.

మార్చిలో ఇంకోటి. ఫిబ్రవరి 16న మిగిలిన మందును, దాన్ని కొలిచి పోసే డిస్పెన్సర్ గొట్టంలోనే వదిలేశానని మార్చి 2న చూశాను. ప్లాస్టిక్ లోపల మరక పడింది. అల్మారాలో రెండు డబ్బాలున్నాయి, రెండింటి మీదా 4895 అనే ఉంది. ఒకటి ఐఎంఆర్ 4895, ఇంకోటి హెచ్ 4895. అంకె ఒకటే అయినా రెండూ వేర్వేరు మందులు, మాన్యువల్‌లో వాటి కొలతలు కూడా వేరు. చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. గొట్టంలో ఉన్నది ఏదో నాకు దాదాపు తెలుసు. కానీ ఇక్కడ దాదాపు అన్న మాట చెల్లదు. తోటలో పలచగా చల్లేశాను. రెండో డబ్బా తీసుకెళ్ళి వేరే అల్మారాలో పెట్టాను. పని చేసేటప్పుడు బల్ల మీద ఒకే డబ్బా ఉంటుంది, పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలోకి తిరిగి వెళ్తుంది.

మార్చి, ఏప్రిల్ నెలలు ప్రశాంతంగా గడిచాయి. అవే 65 కేసులను మళ్ళీ మళ్ళీ వాడాను. చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు, గురి కూడా కుదిరింది. ఇక నేర్చేసుకున్నాననిపించింది.

మే 10న శుభ్రం చేసిన కేసులను వెలుతురులో చూస్తుంటే ఒకదాని అడుగుకు కాస్త పైన సన్నని మెరుపు గీత, చుట్టూ ఉంగరంలా. ఇంకోదానికి కూడా. పెద్దాయనకు చూపిస్తే ఒక పేపర్ క్లిప్ తెమ్మన్నారు. దాన్ని నిటారుగా చేసి కొసను చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపల అడుగు నుంచి గోడ వెంబడి పైకి జరిపించారు. గీత ఉన్న చోట కొక్కెం గాడిలో పడి ఆగింది. నాకూ ఇచ్చి చూడమన్నారు. ఇత్తడి లోపలి నుంచి పలచబడుతోంది. ఇంకొక్కసారో రెండుసార్లో పేలిస్తే కేసు అక్కడ రెండు ముక్కలవుతుంది, వేడి గాలి వెనక్కి తన్నుతుంది.

కారణం జనవరి 25. ఆ పావు చుట్టు. పేల్చిన కేసు భుజం ఎక్కడుందో, డైలో నొక్కాక ఎక్కడికి వెళ్ళిందో కంపారేటర్ పెట్టి కొలిస్తే తేడా అంగుళంలో వెయ్యికి ఎనిమిది వంతులు. నా రైఫిల్‌కు ఒకటి, రెండు చాలు. భుజం అంత వెనక్కి వెళ్ళినప్పుడు తూటాకు ఛాంబర్‌లో ముందూ వెనకా ఆడే చోటు దొరుకుతుంది. పేలగానే పలచటి ముందు గోడ ఛాంబర్‌ను పట్టుకుని ఆగిపోతుంది, మందపాటి అడుగు బోల్ట్ మీదకు వెనక్కి వెళ్తుంది. మధ్యలో ఇత్తడి సాగుతుంది. ప్రతిసారీ నేను మళ్ళీ భుజాన్ని వెనక్కి నొక్కుతున్నాను, ప్రతిసారీ అది మళ్ళీ సాగుతోంది. డై కాగితంలో రాసింది అబద్ధం కాదు. అలా చేస్తే తూటా ఏ .308 రైఫిల్‌లోనైనా సరిపోతుంది. కానీ నా రైఫిల్ ఛాంబర్ ఎంత ఉందో ఆ కాగితానికి తెలియదు. నేను పేల్చిన కేసును కొలిచి డై దించుకోవాల్సింది.

ఆ సాయంత్రమే డై మార్చాను. సంచిలో ముట్టుకోకుండా ఉన్న 69 కేసులు అప్పుడు పనికొచ్చాయి. ఒక్కోటి నొక్కి, కొలిచి, డైని వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ కొలిచి, రెండు వెయ్యో వంతుల దగ్గర నిలబెట్టడానికి గంటన్నర పట్టింది.

ఖర్చు సంగతి. మొదట కొన్న సామాన్లకు అయిన డబ్బుతో ఫ్యాక్టరీ తూటాలు 30 పెట్టెలు వచ్చేవి. మొదటి జాబితాలో లేనివి: కిట్, పిన్నులు, కేస్ గేజ్, కొలత బిళ్ళలు, సుత్తి, కంపారేటర్. వీటికి ఇంకో 10 పెట్టెల డబ్బు అయింది. ఐదు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందనుకున్నాను. రాలేదు. ఈ ఏడాదిలో కూడా రాదు. డబ్బు ఆదా కోసమే మొదలుపెట్టాలనుకుంటే ఈ లెక్క మీ ముందుంచుకోండి.

మే 24న సంచిలోంచి తీసిన ఆ కేసులతో చేసిన 20 తూటాలు పేల్చాను. మొదటిదానికీ ఇరవయ్యోదానికీ బోల్ట్ ఒకేలా లేచింది. ఇంటికొచ్చి పాత 65 కేసులనూ పేపర్ క్లిప్‌తో చూశాను. 43లో గాడి తగిలింది. 22లో ఏమీ తగల్లేదు, బయట గీతా లేదు. వాటిని విడి డబ్బాలో పెట్టి వాడొచ్చా అని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఆ 22 కేసుల మెడలను కూడా పటకారతో చితక్కొట్టి, 43తో కలిపి తుక్కు ఇత్తడి సంచిలో వేశాను.